తోక ముందొచ్చిన బండి

స్టేషన్లో ఆమెని అందరూ మైకక్క అంటారు. ఇరవై ఆరేళ్ళుగా రెండో నంబరు ప్లాట్‌ఫారం చివర, అద్దాల గదిలో కూర్చుని, ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. మామూలు ప్రకటనలు ఇప్పుడు యంత్రమే చేసేస్తుంది. యంత్రానికి తెలియని మార్పులు వచ్చినప్పుడు మాత్రం మైకక్క గొంతు కావాలి. మార్పు లేని రోజు ఈమధ్య ఎప్పుడొచ్చిందో ఆమెకి గుర్తు లేదు.

ఆ గొంతు పాడైంది. స్వరతంతువుల మీద రెండు కాయలు మొలిచాయి. డాక్టరమ్మ లోపలికి గొట్టం పెట్టి చూసి, "మూడు నెలలు నోరు మెదపకుండా ఉంటే తగ్గొచ్చు. లేదంటే కోయాలి. కోశాక ఈ గొంతు ఉంటుందని నేను చెప్పలేను" అంది.

"నా ఉద్యోగమే అరవడం కదమ్మా."

"ఇంట్లోనైనా మాట్లాడటం తగ్గించండి."

ఇంట్లో అత్తగారికి చెముడు. అన్నం తిన్నావా అని అడగాలన్నా ఎదురింటికి వినబడాలి. భర్త ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. ఆయనకి వినబడుతుంది గానీ మిషను ఆగితే తప్ప వినడు.

మిగిలింది ఒక్కటే దారి. పెద్దాఫీసులో పాత రికార్డుల గది ఉంది. అక్కడ పని కట్టలు విప్పడం, అడిగిన కాగితం తీసి ఇవ్వడం, మళ్ళీ కట్టలు కట్టడం. మాట్లాడాల్సిన అవసరం లేదు. ఆ గదిలో ఉండే గుమాస్తా నెలాఖరుకి రిటైరవుతున్నాడు. మైకక్క డాక్టరు చీటీ జతచేసి, ఆ చోటు తనకివ్వమని అర్జీ పెట్టుకుంది. ఫైలు మూడు బల్లలు దాటి నాలుగో బల్ల మీదికొచ్చింది. "ఈ నెల మీ మీద ఏ కంప్లైంటూ రాకపోతే అయిపోయినట్టే" అని అక్కడి గుమాస్తా ఫోన్లో చెప్పాడు.

అప్పటికి నెలలో పంతొమ్మిదో తారీఖు.

ఆ రోజు మధ్యాహ్నం మూడూ ఇరవై రెండుకి ఆమె అలవాటు ప్రకారం వెనక స్టేషను కేబిన్‌కి ఫోన్ చేసింది. ఇలా ఫోన్ చేయడం రూల్లో లేదు. తెర మీద ఏది కనబడితే అదే నమ్మాలని సర్క్యులర్ ఉంది. తెర మీద ఉండేది మాత్రం బండి పుట్టిన చోట బోగీలు కట్టిన వరస. దారిలో దానికి ఏం జరిగిందో తెరకి తెలియదు. అందుకని ఆమె రోజూ ఒక్క ప్రశ్న వేస్తుంది.

"ముక్కా, తోకా?"

కేబినాయన నవ్వలేదు. "తోకే, అక్కా. వంతెన పనుందని చుట్టు దారిన పంపారు. అక్కడ ఇంజను అటు తీసి ఇటు తగిలించారు. మొత్తం తిరగబడి వస్తోంది."

ఆమె ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూసింది.

మూడూ ముప్పై ఎనిమిది బండికి ఇరవై నాలుగు బోగీలు. ఒకప్పుడు అందులో జనరల్ బోగీలు ఐదు ఉండేవి. ఏసీవి పెంచుకుంటూ పోయి, జనరల్‌వి రెండు చేశారు. రెండింటిలో కలిపి కూర్చోడానికి నూట ఎనభై చోట్లు. ఈ ఒక్క స్టేషన్లోనే ఎక్కేది నాలుగైదు వందల మంది. ఆ బోగీలు ఎప్పుడూ బండి తోకలో వస్తాయి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగుతాయి. అందుకని మూటలూ, బకెట్లూ, పిల్లలతో జనం ఒంటిగంట నుంచీ ట్యాంకు దగ్గరే కూర్చున్నారు. బండి తిరగబడితే ఆ రెండు బోగీలూ ఇంజను వెనకే, సిగ్నల్ స్తంభం దగ్గర ఆగుతాయి. ట్యాంకు నుంచి స్తంభానికి అర కిలోమీటరు పైనే. బండి ఆగేది మూడు నిమిషాలు. అలాంటి బండి మళ్ళీ రేపే.

మైకు మీట నొక్కి చెప్పేస్తే సరిపోతుంది. కిందటేడు అదే చేసింది. ఆ రోజు కూడా ఇదే బండి తోక ముందొచ్చింది. ఎనిమిది నిమిషాల ముందు తెలిసింది, తెలిసిన వెంటనే చెప్పింది. ట్యాంకు వైపు జనం స్తంభం వైపుకి, స్తంభం వైపు రిజర్వేషన్ జనం ట్యాంకు వైపుకి ఒకేసారి పరిగెత్తారు. ప్లాట్‌ఫారం మధ్యలో వంతెన మెట్లున్నాయి. మెట్ల పక్కన సందు ఇద్దరు పట్టేంత. రెండు గుంపులూ అక్కడ ఢీకొన్నాయి. ఒకావిడకి తుంటి ఎముక విరిగింది. విచారణ చేసి, 'బాధ్యతారహితమైన ప్రకటన వల్ల ప్రయాణికులలో ఆందోళన కలిగించినందుకు' మైకక్కకి మెమో ఇచ్చారు. ప్రకటన నిజమే కదండీ అని ఆమె అడిగింది. నిజమైనా బాధ్యతారహితం కావచ్చన్నారు.

చెప్పకపోతే? 'మార్పు తెలిసీ ప్రకటించనందుకు' అని ఇంకో మెమో. దానికి అచ్చు ఫారమే ఉంది.

ఆమె గది తాళం వేసి స్టేషను మాస్టరు దగ్గరికి నడిచింది. మాస్టరు ఆమెకంటే పదేళ్ళు చిన్న. రెండు ఫోన్లు రెండు చెవులకి పెట్టుకుని ఉన్నాడు.

"మాస్టారూ, ముప్పై ఎనిమిది తిరగబడి వస్తోంది. స్టేషను బయట ఔటర్ సిగ్నల్ దగ్గర ఒక పది నిమిషాలు ఆపించండి."

"వెనకాలే ఎక్స్‌ప్రెస్ ఉందండీ. దీన్ని ఆపితే అదీ ఆగుతుంది. రెండూ నా నెత్తికే చుట్టుకుంటాయి." ఒక ఫోన్ కింద పెట్టాడు. "మైకులో చెప్పేయండి. మీ పనైపోతుంది."

"అవును, చెప్తే నా పనైపోతుంది. కిందటేడు చూశాంగా."

"మరేం చేద్దామంటారు?"

"మైకులో చెప్పను. కిందికెళ్ళి జనరల్ జనాన్ని ముందు నడిపిస్తాను. వాళ్ళు మెట్లు దాటాకే మిగతావాళ్ళకి. రిజర్వేషన్ వాళ్ళు ఎక్కడెక్కినా లోపల్నించి నడిచి వాళ్ళ బోగీకి పోతారు. జనరల్ బోగీల్లోకి లోపల్నించి దారి లేదు. వీళ్ళకే తొందర. కాకపోతే మూడు నిమిషాలు చాలవు. ఏడు కావాలి."

మాస్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ నాలుగు నిమిషాలూ ఎవరి పేరున రాయను?"

రైల్వేలో నిమిషం ఆలస్యమైతే దానికో పేరుండాలి. ఇంజను అని, సిగ్నల్ అని, గార్డు అని ఎవరో ఒకరి నెత్తిన పడాలి. ఊరికే ఆలస్యం అవడం అనేది లేదు.

"జనం ఎక్కువ అని రాయండి."

"ఆ గడి ఈ ఏడాది ఫారంలోంచి తీసేశారు."

"జనాన్ని తీసేశారా?"

"గడిని తీసేశారండీ. జనం ఉన్నారు."

"అయితే ప్రకటనల విభాగం అని రాయండి. విభాగం అంటే నేనే కదా."

"మీ ఫైలు పైనుంది..."

"నాకు తెలియదా? టైమవుతోంది, ఏడు నిమిషాలని గార్డుకి చెప్పండి."

బయటికొచ్చేసరికి పోర్టరు ఎదురయ్యాడు. మనిషి పొట్టి, అందుకే అందరూ పొడుగు అంటారు. ఆమె రెండు ముక్కల్లో విషయం చెప్పింది.

"మళ్ళీనా? ఈ బండికి తలా తోకా తెలియకుండా పోయిందక్కా."

"నువ్వెళ్ళి మెట్ల పక్క సందులో నిలబడు అన్నా. ఇటునుంచి అటు పోయేవాళ్ళనే వదులు. అటునుంచి ఒక్కణ్ణి రానిచ్చావా, చూడు."

"నన్ను తొక్కేస్తే?"

"ముందు నువ్వు వాళ్ళకి కనబడాలి కదా. నీ తోపుడుబండి మీదెక్కి నిలబడు."

పొడుగు సామాన్ల తోపుడుబండి లాక్కుని పరిగెత్తాడు.

ట్యాంకు దగ్గర జనం ఆమెని చూడలేదు. మూడూ ఇరవై ఏడు. అందరికంటే ముందు వరసలో, గోనెసంచి మీద కూర్చున్న పెద్దమనిషి దగ్గరికెళ్ళి చెప్పింది. జనరల్ బోగీలు ఈ రోజు ఆ చివర ఆగుతాయి, లేచి నడవండి, పరిగెత్తకండి, మీరెక్కేదాకా బండి కదలదు.

"బోర్డు మీద ఇక్కడే అనుంది కదా. నువ్వెవరు చెప్పడానికి?"

"రోజూ మైకులో మొత్తుకునేది నేనే."

ఆయన ఎగాదిగా చూశాడు. "గొంతు అలా లేదే. ఆవిడ గొంతు తేనెలా ఉంటుంది."

"అది యంత్రం బాబాయ్. నేను మనిషిని."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఎవరూ లేవలేదు. రెండున్నర గంటలు కాపలా కాసిన చోటు వదులుకోమంటే ఎవరైనా అనుమానపడతారు. లేవగొట్టి తమ వాళ్ళని కూర్చోబెట్టే ఎత్తేమో అని ఒకడు పైకే అన్నాడు. అప్పుడు చంకలో పిల్లతో ఉన్న ఒకావిడ లేచింది. "కిందటేడు నేనిక్కడే ఉన్నాను. ఇలాగే తిరగబడింది. ఆ తొక్కిసలాటలో మా వదిన చెప్పులు పోయాయి, బండీ పోయింది. నేను పోతున్నా, మీరు కూర్చోండి." ఆవిడ మూట నెత్తికెత్తుకుని నడిచింది. ఆవిడ వెనక పదిమంది లేచారు. పదిమంది లేవడం చూసి గోనెసంచి పెద్దమనిషీ లేచాడు.

మైకక్క గుంపుగుంపునీ విడిగా లేపింది. పాతిక మంది, ఆగి, మళ్ళీ పాతిక మంది. "నడవండి. పరిగెత్తితే వెనక్కి పంపుతాను." వెనక్కి పంపే అధికారం ఆమెకెక్కడిది? ఎవరూ అడగలేదు. సందు దగ్గర పొడుగు తోపుడుబండి మీద నిలబడి చేతులు చాపి, ఎదురొచ్చేవాళ్ళని ఆపుతున్నాడు.

"మా ఏసీ బోగీ ఎటండీ?" చక్రాల పెట్టె పట్టుకున్నాయన కేకేశాడు.

"ఎక్కడైనా ఎక్కండి, లోపల్నించి పోవచ్చు!" మైకక్క తిరిగి అరిచింది.

"సరైన సమాధానం చెప్పండి!"

"ఇదే సరైనది. ముందు వీళ్ళని దాటనివ్వండి."

సగం మంది దాటేసరికి ఆమె గొంతు చీలింది. ముందు బొంగురుపోయింది, తర్వాత గాలి మాత్రమే వచ్చింది. నోరు కదులుతోంది, మాట లేదు. ఆమె చప్పట్లు కొట్టింది, వేళ్ళు చూపించింది, ఒక పిల్లవాణ్ణి భుజం పట్టి ముందుకి తోసింది. అందరూ దాటాక, నడవలేక మిగిలిపోయిన ముసలమ్మని చూపిస్తే పొడుగు దిగి ఆవిడని తోపుడుబండి మీద కూర్చోబెట్టి తోశాడు. "సామానుకి కూలీ ఉంది, మనిషికెంత బాబూ?" అని ముసలమ్మ బేరమాడుతూనే పోయింది.

మూడూ నలభై ఒకటికి బండి వచ్చింది. అప్పటికి ట్యాంకు దగ్గర ఒక విరిగిన బకెట్టు తప్ప ఏమీ లేదు.

ఇంతా చేసి, వచ్చిన ఆ రెండు జనరల్ బోగీలూ నిండుగానే వచ్చాయి. తలుపుల్లో మనుషులు, మెట్ల మీద మనుషులు. లోపలివాళ్ళు చోటు లేదని అరిచారు, బయటివాళ్ళు ఉందని తోశారు. పిల్లల్ని కిటికీల్లోంచి అందించారు. గోనెసంచి ముందు వెళ్ళింది, పెద్దమనిషి దాని వెనక. బండి ఏడు నిమిషాలు ఆగింది. ఎక్కలేక యాభై అరవై మంది మిగిలిపోయారు. వాళ్ళలో కొందరు కదిలిపోయే బండిని తిట్టారు, కొందరు ఆమెని తిట్టారు. ఎవరూ పడలేదు. ఎవరి ఎముకా విరగలేదు.

చక్రాల పెట్టె ఆయన పద్నాలుగు బోగీలు లోపల్నించి నడిచి తన సీటుకి చేరి, ఫోన్లోంచే కంప్లైంటు పంపాడు. బోగీల వరస మారినా ఎలాంటి ప్రకటనా చేయలేదు అని. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మాస్టరు కూడా అబద్ధం రాయలేదు. ఆలస్యం నాలుగు నిమిషాలు, ప్రకటనల విభాగం.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఏమీ మాట్లాడలేదు. "ఏమైంది?" అని భర్త మిషను ఆపి అడిగాడు. ఆమె గొంతు వైపు చూపించింది. ఆయన లేచి నీళ్ళు కాచి, ఉప్పు వేసి తెచ్చిచ్చాడు. అత్తగారు అదేమిటో తెలియక, "కోడలు ఎందుకు అలిగింది? నువ్వేమన్నా అన్నావా?" అని కొడుకుని గట్టిగా కేకలేసింది. ఆయన లేదని అరిచి చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

పది రోజులకి కాగితం వచ్చింది. 'ఇటీవలి పనితీరు దృష్ట్యా బదిలీ అర్జీ పరిశీలన వచ్చే సంవత్సరానికి వాయిదా.' రికార్డుల గదిలోకి ఇంకెవరినో వేశారు. అప్పీలు చేసుకోవడానికి వారం గడువు.

మైకక్క సెలవు పెట్టి పెద్దాఫీసుకి వెళ్ళింది. అప్పీలు ఫారం నాలుగు పేజీలు. తను చేసినదంతా సన్న అక్షరాలతో రాసింది. రాయడానికి గొంతు అక్కర్లేదు గనక ఏదీ వదల్లేదు. ఎప్పుడు తెలిసింది, మైకులో ఎందుకు చెప్పలేదు, ఎంతమందిని నడిపించింది. చివరి పేజీలో 'సాక్షులు' అని ఒక గడి. పేరు, చిరునామా, సంతకం.

పొడుగు పేరు రాయబోయింది. బల్ల వెనక గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "పోర్టర్లు మన సిబ్బంది కారండీ, ప్రయాణికులూ కారు, చెల్లదు. మాస్టరుగారు రాస్తారా?"

ఆమె కలం పట్టుకుని ఆలోచించింది. మాస్టరు రాస్తే, బండిని ఏడు నిమిషాలు ఆపమని గార్డుకి చెప్పింది ఎవరన్న మాట వస్తుంది. ఇద్దరు బడికెళ్ళే పిల్లలున్న మనిషి. ఇక మిగిలింది ప్రయాణికులు. ఆ నాలుగైదు వందల మందీ ఆ రోజో మర్నాడో బండెక్కి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక్కరి పేరు కూడా ఆమె అడగలేదు. అడిగే తీరికేదీ?

గడి వదిలేసి కాగితాలు ముందుకి జరిపింది.

"ఖాళీ ఉంచకూడదండీ" అన్నాడు గుమాస్తా. "ఎవరూ లేకపోతే అడ్డంగా ఒక గీత కొట్టండి."

ఆమె గీత కొట్టింది. సిరా సరిగ్గా పడలేదు. కలం విదిలించి, రెండోసారి కొట్టి ఇచ్చింది.