లెక్కల మేళాలో మూడో ఆకారం

రాజోలులో ఏసుదాసుకి చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. తలుపులూ మంచాలూ రెడీమేడుగా దిగడం మొదలయ్యాక అతని చేతికి మిగిలింది శవపేటికల పనే. చుట్టుపక్కల చర్చీల నుంచి కబురు రాగానే, మనిషి పొడవెంత, ఒళ్లెంత అని అడిగి చెక్క కోస్తాడు. ఆ పనంటే అతనికెప్పుడూ నామోషీ లేదు. ఏడో తరగతి చదివే కూతురు నిఖితకి మాత్రం ఉంది. ఎవరడిగినా "మా డాడీ ఫర్నిచర్ చేస్తారు" అనేది.

అలాంటి పిల్ల ఓ సాయంత్రం తనంతట తనే షెడ్డుకొచ్చింది.

"డాడీ, లెక్కల మేళాకి ఆకారాలు చేసిపెడతావా? భుజాలూ ముఖాలూ లెక్కపెట్టి ఏది ఏదో చెప్పాలి."

అతని సంబరం అంతా ఇంతా కాదు. ఘనం, పిరమిడ్ చకచకా అయిపోయాయి.

"ఇంకోటి షడ్భుజి పట్టకం. పైనా కిందా ఆరు భుజాల ముఖాలు రెండు, చుట్టూ ఇంకో ఆరు. మొత్తం ఎనిమిది."

"ఓస్, అంతేనా!"

మేళా రోజు, వార్నిషు ఆరాక, తనే సంచిలో పట్టుకెళ్లి అందరి ముందూ బల్లమీద పేర్చాడు. మూడోది బయటికి రాగానే నిఖిత క్లాసు పిల్ల మమత కిసుక్కుమంది.

"ఒసే, అది చచ్చినోళ్ల పెట్టే! మా తాతయ్యని పెట్టింది అలాంటిదాన్లోనే!"

క్లాసంతా గొల్లుమంది. ఏసుదాసు అప్పుడు చూశాడు. ఆరు భుజాలూ ఉన్నాయి, ఎనిమిది ముఖాలూ ఉన్నాయి. కానీ చెయ్యి అలవాటు చొప్పున ఛాతీ దగ్గర వెడల్పు పెట్టి, కాళ్లవైపు సన్నం చేసేసింది.

ఉమాదేవి టీచరుగారు పిల్లల్ని కసిరి, దాన్ని తిప్పి చూశారు. "భుజాలు సమానంగా లేవు గానీ, ఇదీ షడ్భుజి పట్టకమే. పనితనం ఎంత బాగుందో! ఎవరు చేసేరమ్మా?"

"కొన్నామండీ" అంది నిఖిత, తలొంచుకుని.

"ఎక్కడండీ? స్కూలుకీ ఓ సెట్టు కావాలి" అని ఆవిడ ఏసుదాసు వైపు తిరిగారు.

"ఆయ్... రావులపాలెంలోనండీ."

"షాపు పేరు?"

"కనుక్కుని చెప్తానండీ."

అక్కడ కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామంది అతను చేసిన పెట్టెల వెనక నడిచినవాళ్లే. వాళ్లంతా మర్యాదగా గోడల వైపు చూశారు.

తిరిగొస్తుంటే బండి వెనక నుంచి నిఖిత అడిగింది. "నేనైతే అందరూ నవ్వుతున్నారని కొన్నామన్నాను. నువ్వెందుకన్నావు డాడీ?"

'నీకోసమేనే' అంటే సరిపోయేది. కానీ అంతమంది ముందు అది తన చేతిపనేనని చెప్పుకోడానికి అతనికీ సిగ్గేసింది.