పైపు కీలులో నాలుగు రేకులు

వరి కోసే మా పాత మిషన్లో, ధాన్యం దించే పైపు తిరిగే కీలు దగ్గర నాలుగు పలచటి ఇనుప రేకులు ఉండాలి. చూడ్డానికి తుప్పు పెచ్చుల్లా కనిపిస్తాయి. తుప్పు కాదు. రేపు ఈ మిషన్ ఎవరి చేతికి వెళ్ళినా ఈ సంగతి వాళ్ళకు తెలియాలి. తెలిసి కూడా చెప్పకపోతే ఏమవుతుందో ఒక మధ్యాహ్నం కళ్ళారా చూశాను కనుక నేనే రాసిపెడుతున్నాను.

ఏడో తరగతితో బడి మానేశాను. తరవాతి చదువంతా ముదినేపల్లి గ్రంథాలయంలోనే. వ్యవసాయ యంత్రాల పుస్తకం రెండుసార్లు ఇంటికి తెచ్చుకుని, అందులోని బొమ్మలన్నీ నోటుబుక్కులో వేసుకున్నాను. మిషన్ నడిపేది మా ఆయన. ఆయన చేతులకు తెలిసింది నాకు రాదు. నేను చదివింది వినే ఓపిక ఆయనకు లేదు.

ఆ రోజు మండవల్లి దగ్గర, చేపల చెరువుల మధ్య ఒక పెద్దావిడ చేను కోస్తున్నాం. ఎకరం. ఆ ఇంట్లో ముగ్గురికి ఏడాది తిండి అదే. చేలో ఎక్కడా పొడి నేల లేదు. గట్టు మీద బరకం పరిచి, పైపు తిప్పి దాని మీదికి పోయాలి. గట్టు వెంట చెరువు మోటార్ల కరెంటు తీగలు వేలాడుతుంటాయి కనుక పోసిన ప్రతిసారీ పైపు మళ్ళీ మడిచేయాలి. అందుకే మెట్ట ఊళ్ళలో కంటే ఇక్కడ ఆ కీలు తొందరగా పాడవుతుంది.

సగం కోసేసరికి మిషన్లోని ధాన్యం ట్యాంకు నిండింది. పైపు తిరగలేదు. ట్యాంకు ఖాళీ అయితే కాని మిగతా సగం కోయలేం. కొల్లేరు వైపు మబ్బు కమ్ముతోంది.

మా ఆయన ఇంజను ఆపి, పైపు కింద వెదురు బొంగు పోటు పెట్టి, కీలు చుట్టూ ఉన్న పట్టీ విప్పారు. రెండు ముక్కల పట్టీ అది. ఆ ముక్కల మధ్య రేకులు దుమ్ముతో అంటుకుపోయి ఉన్నాయి.

"చూశారా పిన్నిగారూ, ఎంత తుప్పో!" అని పెద్దావిడకు చూపిస్తూ ఒక్కొక్కటీ ఊడబీకి చెరువులోకి విసిరేశారు.

అవేమిటో నాకు తెలుసు. బొమ్మ వేసినదాన్ని. పరాయి ఆవిడ ముందు మొగుడికి పాఠం చెప్పడమేమిటని ఊరుకున్నాను. అలాగే పెరిగాం మరి.

కీలు గీకి, గ్రీజు పెట్టి, పట్టీ బిగించారు. పైపు కదల్లేదు. బోల్టులు వదులు చేస్తే ఒరిగిపోతోంది. మూడుసార్లు బిగించి చూసినా అంతే. పెద్దావిడ కోయని సగం వైపు చూస్తూ నిలబడ్డారు. ఇక ఆగలేకపోయాను.

"ఏవండీ, మీరు పారేసింది తుప్పు కాదండీ. పట్టీ మరీ నొక్కేయకుండా సందు ఉంచే రేకులు."

"ఇప్పుడా చెప్పడం?"

"పిన్నిగారి ముందు బాగోదని..."

"ఓసి నీ మర్యాద తగలెయ్య! నాకు చెప్పక చేపలకి చెప్తావా? ఈపాటికి మింగేసుంటాయి."

పెద్దావిడ పకపకా నవ్వేశారు. "పోట్లాట తరవాత పెట్టుకోండి అబ్బాయిగారూ. ఏం కావాలో చెప్పమ్మాయ్."

పలచటి రేకు ఏదైనా సరే అన్నాను. ఆవిడ గట్టు మీది పాకలోకి వెళ్ళి, పాలపొడి డబ్బాలోని చింతపండు కొంగులో పోసుకుని డబ్బా నా చేతికిచ్చారు. కత్తెరతో ముక్కలు కోశాను. ఒక్కో వైపు రెండు పెట్టి బిగిస్తే పైపు ఇంకా గట్టిగానే ఉంది.

"ఇంకోటి వెయ్యమంటారా పంతులమ్మగారూ?" అన్నారాయన. మాట వెక్కిరింపే. గొంతులో మాత్రం అది లేదు.

డబ్బా రేకు పాతవాటికంటే పలచన కనుక మూడేసి వేశాం. పైపు మూలుగుతూ గట్టు మీదికి తిరిగింది.

మిగతా సగం కూడా కోసి పోసేసరికి చినుకులు మొదలయ్యాయి. రాశి మీద ఇంకో బరకం కప్పి, గాలికి లేవకుండా ముగ్గురం మూడు అంచుల మీద కూర్చున్నాం. వాన వెలిసేదాకా లేవలేదు. గింజ తడవలేదు.

ఎవరికి వాళ్ళు తమ పేరు రాయవద్దన్నారు కనుక వరసలతోనే దణ్ణాలు. డబ్బా ఇచ్చిన పిన్నిగారికి. గడువు దాటినా పుస్తకం తిరిగి అడగని గ్రంథాలయం అక్కగారికి. ఇప్పుడు ఏ బోల్టు విప్పినా, చుట్టూ పదిమంది ఉన్నా, "ఇది పారేయొచ్చంటావా?" అని నన్ను పిలిచి అడిగే మా ఆయనకి.