తేనె రంగు ఉయ్యాల

మా పెదనాయన చిన్నపోలయ్య ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకు పోయేవాడు. సముద్రం మానుకుని మద్రాసులో పాలిష్ పని నేర్చుకుని వచ్చాడు. ముత్తుకూరు చుట్టుపక్కల తలుపుకైనా మంచానికైనా తేనె రంగు కావాలంటే ఆయన్నే పిలుస్తారు. ఎనిమిదిలో బడి మానినప్పటి నుంచి నేను ఆయన పక్కన కూర్చుని గరుకు కాగితం రుద్దుతున్నాను.

ఆయన తొందరపడడు. పసుపు ఎక్కువ కలిపిన రంగును నీళ్ళలా పలచగా పూసి ఆరనిస్తాడు. ఆపైన స్పిరిట్‌లో కరిగిన లక్కను గుడ్డ ఉండతో పూత మీద పూతగా ఎక్కిస్తాడు. "ఒకేసారి ముదురు కొడితే చెక్క చచ్చిపోతాది" అంటాడు. పోర్టు వైపు నుంచి గాలి మళ్ళితే బొగ్గు దుమ్ము పడకుండా తడి గోనెపట్టాలు కడతాడు. చేతులు ఆడుతున్నంతసేపూ నన్ను వెక్కిరిస్తూనే ఉంటాడు. "మా అమ్మి నోరు తెరిస్తే ఊరికి వాన" అంటాడు.

మా జాలరి పాళెంలోనే ఉండే విజయకుమారి పాలిష్‌కు ఉయ్యాల పంపినరోజు మాత్రం ఆయన మాట ఆగిపోయింది.

ఆమె కోడలు చిట్టికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ కోసం చేయించిన ఉయ్యాల అది. మొదటి పూతకు చెక్క తేనెలా తిరుగుతుండగా, మధ్యలో పాలిపోయిన చుక్కలు తేలాయి. మేకులు పీకిన రంధ్రాల్లో లప్పం పెట్టారు. లప్పం రంగు తాగదు. చుక్కలు జంటలు జంటలుగా ఒకే వరుసలో ఉన్నాయి, చుట్టూ ఇనుము తిన్న నలుపుతో. పెదనాయన వంగి వాసన చూశాడు.

"పడవ చెక్క" అన్నాడు.

ఇప్పుడు మా పాళెంలో అన్నీ ఫైబర్ పడవలే. ఒడ్డున మిగిలిన కర్ర పడవ ఒక్కటే, చిట్టి తండ్రి కామాక్షయ్యది. ఒకనాడు వేట నుంచి అది ఆయన లేకుండా తిరిగొచ్చింది. ఆయన శవం దొరకలేదు. మనిషిని వదిలి వచ్చిన పడవ చెక్కను మావాళ్ళు గడప దాటనివ్వరు, పొయ్యిలో కూడా పెట్టరు. ఇసుకలోనే కుళ్ళాలి. పోయిన వానల్లో అది కనిపించకపోతే సముద్రం తీసుకుపోయిందనుకున్నాం.

కబురు పెడితే విజయకుమారి వచ్చింది.

"నేనే తీయించినా పోలయ్యన్నా. చెదలు తినేదాన్ని బిడ్డకు వాడుకుంటే తప్పేంది?"

"అట్టాంటి చెక్క ఇంకో మనిషిని అడగతాదంటారు విజయమ్మా."

"పాలిష్ చెయ్యమంటే నీకు పూనకం ఒచ్చిందే! ముదురు రంగు కొట్టెయ్, చుక్కలు కనపడవు. ఆ పిల్లకు మాత్రం చెప్పబాకు."

నిండు చూలాలు ఈ మాట వింటే ఏమవుతుందోనని ఆయన కూడా భయపడ్డాడు. ముదురు రంగు కొట్టాడు. ఆరిన తరువాత కూడా అక్కడక్కడా వేలికి అంటుకుంది. పడవకు పూసిన పాత చేపనూనె ఇంకా ఊరుతోంది.

రెండు రోజులకు చిట్టి తానే వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉయ్యాల చుట్టూ తిరిగింది.

"తేనె రంగంటిరే మామా? ఇదేంది, బొగ్గు ఓడ మాదిరుండాది."

పెదనాయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఊరుకుంటే ఆమె తీసుకుని వెళ్ళిపోయేదే.

"అది మీ నాయన పడవ తల్లీ. ఇంటికి తీసకపోబాకు" అన్నాడు పెదనాయన.

చిట్టి కూలబడింది. నొప్పులొస్తాయని హడలిపోయి నేను నీళ్ళు తెచ్చాను. ఆమె తాగలేదు. ఆ చెక్కకు చెంప ఆనించింది.

"వలలేసి ఎతికినారే, ఎక్కడా దొరకలేదే" అంది. తరువాత లేచి, "ఈ నలుపు తీసెయ్ మామా. నాకు కనపడాల" అంది.

"వద్దమ్మా. ఇసుకలో పెట్టేద్దాం."

"మా నాయన్ని మళ్ళీ అక్కడే పారెయ్యమంటావా?"

పెదనాయన నలుపు గీకి, తేనె రంగు ఎక్కించాడు. ఆయన చేతికింద అంత వెచ్చగా వెలిగిన చెక్కను నేను చూడలేదు. చుక్కలన్నీ తెల్లగా లేచి కనిపించాయి. దాన్ని ఎక్కించుకున్న ఆటో మలుపు తిరిగాక, చేతులు కడుక్కోకుండానే, "అమ్మీ, బిడ్డ పుట్టిందాకా రోజూ పోయి చూసి రా" అన్నాడు.

మరునాడు వెళ్ళాను. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కీడని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిట్టి వసారాలో కూర్చుని, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, నెమ్మదిగా ఊపుతోంది.