యేసుబాబు గారి ప్రవేశ పద్యం

పక్షవాతం యేసుబాబు గారి కుడిచేతిలో కొంత సత్తువ తీసుకుంది. మాటని మాత్రం మొత్తంగా పట్టుకుపోయింది. మిగిల్చింది ఒక్క ముక్క: "అదే." మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే. ఎదురుగా నిలబడ్డ కూతుర్ని పేరుపెట్టి పిలవాలని మెడనరాలు ఉబ్బేదాకా ప్రయత్నించినా, చివరికి బయటికొచ్చేది అదే. అప్పుడాయన కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగేవారు. కూతురు హెలెన్ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేది.

మైకు పాడైనా చివరి చాప మీద కూర్చున్నవాడికి వినబడే గొంతు అని పేరు ఆయనది. ఉయ్యూరు చుట్టుపక్కల పద్యనాటకాలు చూసినవాళ్ళలో దేవుడి వేషం అనగానే యేసుబాబు పేరు చెప్పనివాళ్ళు తక్కువ. దేవుడి వేషానికి యేసుబాబేమిటని ఊళ్ళో ఎవరూ అడగలేదు. పద్యం అందుకున్నాక రాగం బాగుందా లేదా అనేదొక్కటే వాళ్ళకి కావాలి. బాగుంటే "వన్స్ మోర్" అని అరుస్తారు, దేవుడు మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. అలాంటి మనిషి మాటే పోవడం హెలెన్‌కి మింగుడుపడలేదు. ఆదివారం చర్చిలో కూర్చుని, ఆ కోపమంతా ప్రభువుకే చెప్పుకుంది.

పక్షవాతం వచ్చాక ఆయన విజయవాడ పటమటలో హెలెన్ ఇంట్లోనే ఉంటున్నారు. మాట నేర్పడానికి వచ్చే స్పీచ్ థెరపిస్టు భానుశ్రీ వయసులో చిన్నది, కానీ ఓపికలో ముసలమ్మ. బొమ్మలు చూపించింది, అక్షరాలు దిద్దించింది. అవేవీ పనిచేయక, ఒకరోజు హెలెన్‌ని పక్కకి పిలిచింది.

"మేడమ్, మాట ఉండే చోటు వేరు, పాట ఉండే చోటు వేరు అంటారు. మాట రానివాళ్ళు కూడా ఒక్కోసారి పాట పాడేస్తారండీ. సార్‌కి బాగా ఇష్టమైన పాటలేంటో చెప్పండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం."

హెలెన్‌కి తెలియదు. కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, తండ్రికి ఏ పాట ఇష్టమో చెప్పలేక నిలబడిపోయింది.

దానికి కారణం లేకపోలేదు. హెలెన్ తల్లి సువార్తమ్మ పాస్టరుగారి కూతురు. పెళ్ళికి ముందే ఒక షరతు పెట్టింది. "మీరు వేషాలు మానలేరని నాకు తెలుసు. నేను మానమని అడగను. కానీ గడప లోపల పద్యం వినపడకూడదు, పిల్లలు నాటకానికి రాకూడదు." ఆయన సరేనన్నారు. అన్నమాటకి కట్టుబడ్డారు కూడా. తెల్లారగట్ల నాటకం నుంచి వస్తూ కాలవ దగ్గరే ముఖానికున్న నీలం కడుక్కుని, చెవుల వెనక మిగిలింది కండువాతో తుడుచుకుని ఇంట్లో అడుగుపెట్టేవారు. సువార్తమ్మ పోయాక కూడా గడప లోపల ఒక్క చరణం తీయలేదు. లోకమంతా విన్న గొంతుని హెలెన్ ఒక్కతే వినలేదు. ఆ సంగతి ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

సరే, వెతకడం మొదలుపెట్టింది. ముందుగా గుర్తొచ్చింది నానమ్మ. వరి నాట్లప్పుడు నడుం వంచి, బురదలో అడుగు వెనక్కి వేస్తూ నానమ్మ క్రీస్తు కీర్తనలు పాడేదట. గట్టు మీద కూర్చున్న చిన్న యేసుబాబు వాటికి రాగం పట్టుకున్నాడట. ఆయనకి సంగీతం చెప్పిన గురువు ఆ నాట్లమడే. హెలెన్ మంచం పక్కన కూర్చుని, తనకొచ్చినంతలో ఆ కీర్తనల్లో ఒకటి పాడింది. ఆయన చూపుడువేలు దుప్పటి మీద తాళం వేసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. నోరు మాత్రం కదల్లేదు.

తర్వాత పాత సినిమా పాటలు పెట్టింది. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పాకం మరిగేచోట పనిచేసేవారు. చెరకు ఆడే రోజుల్లోనే ఊళ్ళలో నాటకాలూ జోరుగా ఉండేవి. డ్యూటీలు మార్చుకుని, ఒంటికి బెల్లపు వాసనతోనే వేషానికి పరిగెత్తేవారు. హనుమాన్ జంక్షన్‌లో లారీ కోసం కాచుకుని, టీకొట్టు రేడియోలో విన్న పాటల్ని పొద్దున్నే ఫ్యాక్టరీలో ఈలవేసేవారని ఆయన స్నేహితులు చెప్పారు. ఆ పాటలకి యేసుబాబు గారు నవ్వారు. అదీ సగం ముఖంతో. అంతే.

చివరికి నెట్‌లో ఎవరో ఎక్కించిన ఆయన నాటకమే ఫోన్లో దొరికింది. బొమ్మ మసక, గొంతు మాత్రం ఖణేల్మంటోంది. ఇంకేం కావాలి, దొరికిందనుకుని హెలెన్ సంబరంగా ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన రెండు క్షణాలు విన్నారు. పెదవి కదిపారు. ఫోన్లో గొంతు ఆగకుండా ముందుకి వెళ్ళిపోయింది. అందుకోబోయారు, అది ఇంకా ముందుకెళ్ళింది. ఒక్కసారిగా ఎడమచేత్తో ఫోన్‌ని తోసేశారు. అది మంచం కిందికి పోయి, ఆయన గొంతుతోనే పాడుతూ ఉంది. "అదే, అదే, అదే" అంటూ ఆయన తల కొట్టుకున్నారు. హెలెన్‌కి భయమేసింది. తండ్రికి మంచి చేయబోయి, పోయినదాన్ని తెచ్చి ఆయన ముందే ఊరేగించినట్టయింది.

ఆ సాయంత్రమే రత్తయ్యకి ఫోన్ చేసింది. రత్తయ్య హార్మోనిస్టు, జంక్షన్ దగ్గర పల్లెలో ఉంటాడు. కులాలు వేరైనా, చుట్టరికం ఏమీ లేకపోయినా, స్టేజీ మీద పుట్టిన వరసతో ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. సంగతంతా విని రత్తయ్య గయ్‌మన్నాడు.

"ఆయన పద్యం ఆయనకే వినిపిస్తారేంటే అమ్మాయ్! ఆ ఫోనుకి శ్రుతి ఇవ్వడం వచ్చా? ఆగడం వచ్చా? నటుడు ఊపిరి తీసుకుంటే హార్మణీ ఆగాలి. రేపొస్తన్నా ఉండు."

మర్నాడు పొద్దున్నే బస్సులో, హార్మోనియం పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. "బావా" అన్నాడు గుమ్మంలోనే. "అదే" అన్నారు యేసుబాబు గారు. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. భానుశ్రీ కూడా అప్పుడే వచ్చి ఒక మూల కూర్చుంది.

రత్తయ్య పెట్టె విప్పి, బావగారి శ్రుతి పట్టాడు. ఆ ధ్వనికి యేసుబాబు గారి వెన్ను నిటారైంది. ఛాతీ నిండా గాలి తీసుకున్నారు. అందరి ముఖాల వైపూ ఒకసారి చూశారు. గాలి వదిలేశారు. రత్తయ్య మళ్ళీ పట్టాడు. మళ్ళీ అంతే.

"ఎందుకో ఎదురుగా ఉన్న మనల్ని చూసి ఆగిపోతున్నారు" అంది భానుశ్రీ మెల్లగా.

రత్తయ్య నుదురు కొట్టుకున్నాడు. "నా బుద్ధి మండా! ప్రవేశ పద్యం ఏనాడైనా జనం ముఖం చూసి ఎత్తుకున్నాడా ఈయన? తెర వెనకాల పాడాలి. ముందు గొంతు వస్తది, మనిషి తర్వాత. అమ్మాయ్, తెర కట్టు!"

ఉతికిన దుప్పట్లన్నీ డాబా మీద ఆరుతున్నాయి. హెలెన్ బీరువా తెరిచింది. చేతికి తగిలింది అమ్మ తెల్లచీర, సువార్తమ్మ ప్రతి ఆదివారం చర్చికి కట్టుకున్నది. ఆమె చెయ్యి ఆగింది. గడప లోపల పద్యం వద్దన్న మనిషి చీర అది. 'అమ్మా, ఆయన మాట కోసమే' అని మనసులో చెప్పుకుని, మడత విప్పింది.

ఒక కొస భానుశ్రీ పట్టుకుంది, ఒక కొస హెలెన్. మధ్యలో తెల్లటి చీర. అవతల యేసుబాబు గారు మంచం అంచున కూర్చున్నారు, ఇవతల రత్తయ్య.

"జాగ్రత్తగా విను" అన్నాడు రత్తయ్య హెలెన్‌తో, గొంతు తగ్గించి. "ఈ పద్యం మా ట్రూపు కోసం ఓ బడిపంతులు రాసిన నాటకంలోది. దేవుడు అతిథి వేషంలో ఒక ఇంటి ముందుకొచ్చి పిలుస్తాడు. లోపల్నించి ఆ ఇంటావిడ 'నేనున్నాను' అంటేనే తెర తీస్తారు. ఆవిడ మర్చిపోయిందా, దేవుడు బయటే."

శ్రుతి నిలిచింది. రత్తయ్య చిన్నగా రాగం చూపించి, ఆగాడు. ఆగి, ఎదురుచూశాడు. వీధిలో ఆటో హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. చీర అవతల గాలి పీల్చిన చప్పుడైంది.

"ఎవరున్నారమ్మ యీ యింట..."

ముందు ఆ గొంతు బొంగురుగా వచ్చింది. రెండో మాటకే నిలదొక్కుకుంది. మూడో మాటకి పైకి లేచింది. ఒక్క అక్షరం తడబడలేదు, ఒక్క మాట జారలేదు. మంచినీళ్ళు అడగలేని నోరు పాదం తర్వాత పాదం పద్యాన్ని మోసుకుంటూ పోయింది. చివర్లో ఆయన రాగం అందుకుని, సాగదీసి, మలుపు తిప్పి మళ్ళీ సాగదీస్తుంటే గది చాలలేదు. మేడ మీద వాళ్ళు మెట్ల దాకా వచ్చి నిలబడిపోయారు. భానుశ్రీ నోరు తెరిచి, మూయడం మర్చిపోయింది. ఈ గొంతునా ఇన్నేళ్ళూ కాలవ దగ్గర కడుక్కుని ఇంటికొచ్చాడు నాన్న! తన తండ్రి ఇంత పెద్దవాడని హెలెన్‌కి ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదు. అమ్మ చీర ఆ గొంతుకి సన్నగా అదురుతోంది.

పద్యం అయిపోయింది. హెలెన్ కదల్లేదు. చీర అవతల మళ్ళీ మొదటి పాదమే వినిపించింది, ఈసారి నెమ్మదిగా, కొంచెం బెంగగా.

"ఎవరున్నారమ్మ యీ యింట..."

రత్తయ్య హార్మోనియం వదలకుండానే మోచేత్తో పొడిచాడు. "జవాబు చెప్పమ్మా! బయటే ఉండిపోయాడు."

"నేనున్నాను" అంది హెలెన్. చీర అవతలికి వినబడేలా మళ్ళీ అంది. "నేనున్నాను నాన్నా."

చీర దించింది. ఆయన నిటారుగా కూర్చుని ఉన్నారు, ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి, స్టేజీ మీద నిలబడ్డట్టే. ఆమెని చూశారు. పెదవులు పాత అలవాటుగా "అ" అనబోయి ఆగాయి. రత్తయ్య అది కనిపెట్టి శ్రుతిని అలాగే పట్టి ఉంచాడు. ఆయన దాని మీదికి ఎక్కి, పద్యం ముగించే రాగంలోనే, మూడు మలుపులు తిప్పి పలికారు.

"హె... లె... న్..."

రత్తయ్య ముఖమంతా కన్నీళ్ళు. హార్మోనియం తిత్తి మీద చెయ్యి మాత్రం తీయలేదు. తల వెనక్కి వాల్చి, ఊరి చివర పందిట్లో కూర్చున్నవాడిలా అరిచాడు.

"వన్స్ మోర్, బావా!"

యేసుబాబు గారు మళ్ళీ మొదటినుంచి పాడారు.