కిరాయి గోడకు మొల

మా చిన్నప్పుడు... హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో బాలమ్మవ్వ ఇంట్లోకి కిరాయికి దిగిన రోజు, బాపు ఇంకా ట్రంకుపెట్టె దించనే లేదు, నేను మాత్రం తల పైకెత్తి గోడలే చూస్తున్నాను. గోడల నిండా మొలలు... పెద్దవి, చిన్నవి, తుప్పు పట్టినవి, వంకరపోయినవి. ఒక్కదానికీ ఏమీ వేలాడటం లేదు.

అంతకుముందు ఉన్న ఇళ్లలో నేను మొల చూసి ఎరగను. ఏ ఇంటికి పోయినా ఓనరు మొదటి మాట అదే... "గోడకు మొల కొట్టొద్దు." మట్టిగోడలు, పైన సున్నం... ఒక్క దెబ్బకు పెచ్చు ఊడేది. అందుకే మా దేవుడి పటాలు పెట్టెలోనే ఉండేవి. అమ్మ శుక్రవారం తీసి, బొట్టు పెట్టి, మళ్లీ పెట్టెలో పడుకోబెట్టేది. బాపు పత్తర్‌గట్టిలో దర్జీ. అందరి అంగీలు కుట్టే మనిషికి తన అంగీ తగిలించుకునే చోటు ఉండేది కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే... మా శీను ఫోటో కోసం. నా కొడుకు పోయి ఏడాది కావస్తోంది. ఫోటో పెట్టడానికి ఇంట్లో గోడ ఉంది, మొన్నటిదాకా మొల లేదు. మేముండేది కిరాయి ఫ్లాటు, మొల కొట్టకూడదని దిగేటప్పుడే మాట. ఓనర్ని అడుగుదామని రోజూ అనుకోవడం, అడగకుండా ఊరుకోవడం... అలా ఉన్నప్పుడే బాలమ్మవ్వ గుర్తొచ్చింది.

బాలమ్మవ్వ పాలు అమ్మేది. వెనక కొట్టంలో బర్రెలు, ముందు అర్రలు కిరాయికి. ఆ రోజు అమ్మ భయం భయంగా అడిగింది...

"అవ్వా, ఈ మొలలన్నీ పీకెయ్యమంటవా?"

"ఎందుకు పీకుడు? నీ నెత్తిమీద పడ్తున్నయా? ఇంక గావాలంటే ఇంక కొట్టుకో. గానీ నన్ను పిలువు. ఏడ రాయి ఉన్నదో, ఏడ ఉత్త మట్టి ఉన్నదో నాకు ఎర్కే."

నిజంగానే పిలిస్తే వచ్చేది. పేడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వేళ్ల కణుపులతో గోడను తట్టి చెవి ఆనించి వినేది. "ఈడ గాదు... ఈడ గూడ గాదు... ఆఁ, గీడ కొట్టు." బాపు కొట్టేవాడు. పెచ్చు రాలేది కాదు. మా దేవుళ్లు ఆ రోజు పెట్టెలోంచి బయటికొచ్చారు. బాపు తన అంగీ మొలకు తగిలించి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు.

నాకేమో పాత మొలల మీదే ధ్యాస. ఇవెవరివి? ఏం తగిలించేవాళ్లు? అవ్వ పాలు పిండుతుంటే పక్కనే కూర్చునేదాన్ని.

"అవ్వా, తలుపెనక మొల ఎవరిది?"

"బస్సు కండక్టర్ది. సంచి తగిలిచ్చేటోడు. పెండ్లాన్ని గూడ ముట్టనిచ్చేటోడు గాదు ఆ సంచిని."

"మరి నా మోకాలంత ఎత్తుల ఒకటున్నది గదా?"

అవ్వ పిండటం ఆపింది. ఆ అర్రలో లక్క గాజులు చేసే ఆమె ఉండేదట. ఎదురుగా నిప్పుల కుంపటి. పాకే పిల్లాడు నిప్పుల్లోకి పోకుండా, పాత చీర పేలిక వాడి నడుముకు చుట్టి ఆ మొలకు కట్టేసేదట. "గుంజి గుంజి గా మొలను వంకర జేసిండు పోరడు" అని నవ్వింది. నేను ఉరికి పోయి చూశాను. నిజమే, వంగి ఉంది... వేలితో తడిమి చూశాను.

"కిటికీ మీదున్నదో?"

"గదొక్కటి నాకు గూడ తెల్వదు. నేను కాపురానికి వచ్చేనాటికే ఉన్నది. నీకింకేం పని లేదానే? పో, బర్రెకు గడ్డెయ్యి."

అంత ఎత్తున ఏం తగిలించి ఉంటారో... పంజరమా, లాంతరా... ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇప్పటి మా ఓనరు చెడ్డవాడేం కాదు. నీళ్లకు ఇబ్బంది పెట్టడు. కానీ వేరే కాలనీలో ఉంటాడు... ఫోన్లో గొంతు తప్ప మనిషి తెలీదు. శీను ఫోటో ఫ్రిజ్ మీద పెట్టుకున్నాం. తలుపు తీసినప్పుడల్లా జారేది. మా అమ్మాయి లత అంటించే హుక్కు తెచ్చింది... అది ఊడి ఫోటో కిందపడి అద్దం పగిలింది. మళ్లీ ఫ్రిజ్ మీదికే చేర్చాం.

"ఫోన్ జేసి అడుగరాదే అమ్మా. మహా అయితే వద్దంటడు, గంతే గదా" అనేది లత.

గంతే కాదు కదా. ఆయన వద్దనేది మొలనే కావచ్చు... నాకు మాత్రం మా శీనునే వద్దన్నట్టు వినపడుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నం ఎట్లా తినాలి? అదీ నా భయం.

మొన్న నీళ్ల మోటారు చూడటానికి ఓనరే వచ్చాడు. మా శీను కంటే కాస్త పెద్దవాడు. మంచినీళ్లిచ్చి, గ్లాసు తిరిగి తీసుకుంటూ అడిగేశాను. ఫ్రిజ్ మీది ఫోటో వైపు చూశాడు.

"గిది గూడ అడుగుతరా ఆంటీ?" అన్నాడు.

సాయంత్రం డ్రిల్లు మిషను పట్టుకుని తనే వచ్చాడు. "ఏ గోడకు?" అన్నాడు. హాల్లో ఎదురు గోడ చూపించాను. రంధ్రం చేసి మొల బిగించాడు. రాలిన పొడి కూడా తనే ఊడ్వబోతే లత చీపురు గుంజుకుంది.

అప్పట్లో అవ్వ వెనక కొట్టంలోనే ఉండేది... ఏం కావాలన్నా కేకేస్తే వినపడేది. ఇప్పుడు ఇంత మంచి మనిషిని ఒక్క మాట అడగడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

మొల వచ్చింది. ఫోటో మాత్రం ఫ్రిజ్ మీంచి తీసి నా మంచం మీద పెట్టుకున్నాను, ఇంకా అక్కడే ఉంది. ఇన్నాళ్లూ ఓనరు వద్దంటాడనే ఆగాననుకున్నాను... ఫ్రిజ్ మీద ఉన్నంతకాలం వాడు ఎక్కడికో పోయాడు, వస్తాడు అన్నట్టుండేది. గోడకు ఎక్కిస్తే ఇంక అంతే కదా...

మీలో ఎవరైనా ఇట్లాంటి ఫోటో గోడకు పెట్టినవాళ్లుంటే చెప్పండి... మీరే పెట్టారా, పెట్టమని ఇంకెవరికైనా ఇచ్చారా? చేతులు ఎట్లా లేచాయి?