తరుగు తీయని కాటా

ప్రొద్దుటూరు మండీలో వేరుశనక్కాయలు కొనే బదరీనారాయణ శెట్టికి నలభై ఎనిమిదేళ్లు. కూర్చునేటప్పుడు ముందు పొట్టను రెండు చేతులతో ఒళ్లోకి సర్దుకుని, ఆ తర్వాత తను కూర్చుంటాడు. పొద్దున ఉగ్గాని రెండోసారి వడ్డించకపోతే అలుగుతాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆ రోజు ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు అతన్ని మిషను ఎక్కించి, కొత్తగా వచ్చిన కిలోల లెక్కలో, "ఎనభై ఎనిమిది ఉన్నారు. మీ ఎత్తుకు, ఈ వయసుకు డెబ్భై దాటకూడదు" అన్నాడు. శెట్టి భగ్గుమన్నాడు. "అదేంది సామీ! పంచె, చొక్కా, బీగాల గుత్తి, పొద్దున తిన్న ఉగ్గాని, అన్నీ కలిపి తూస్తే ఎట్లా? తరుగు తీయరా?" డాక్టరు నవ్వి, "గుడ్డలకు ఒక కిలో తీసేస్తాను. మిగిలిన పదిహేడూ మీరే తగ్గించాలి" అన్నాడు.

దారిపొడవునా తిట్టుకుంటూ మండీకి వచ్చి, శెట్టి తన సొంత కాటా ఎక్కాడు. అదీ ఎనభై ఎనిమిదే చూపింది. దువ్వూరు నుంచి కాయలు తెచ్చి కాచుకుని ఉన్న రైతును పిలిచి, "చూడప్పా ఓబుళరెడ్డీ, తరుగు తీయకుండా మనిషిని తూస్తాండారు! ఇంత అన్యాయం యాడన్నా ఉందా?" అన్నాడు. ఓబుళరెడ్డి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "నా కాయలు బాగా ఎండినాయి శెట్టీ. జల్లెడ పట్టి తెచ్చినా. వాటికెందుకు తీస్తాండావు మరి?"

"అదీ ఇదీ ఒకటేనా!" అంటూ శెట్టి కాటా దిగాడు. మొదటి మూట ఎక్కించి, ముల్లు నిలవకముందే, "మన్నుకు రెండు కిలోలు, తేమకు రెండు కిలోలు కొట్టెయ్" అని గుమాస్తాకు కేకేశాడు. డాక్టరు చేసిన అన్యాయానికి అతని గొంతు ఇంకా వణుకుతూనే ఉంది.