తాత తరిమెనకు బావి మోటారు

మా చిన్నప్పుడు... తెల్లారితే చాలు, వసారాలోంచి గర్ర్... గర్ర్... అని చప్పుడు. తాత తరిమెన దగ్గర కూర్చున్నాడన్నమాట. తరిమెన అంటే కొయ్యను తిప్పుతూ గుండ్రంగా చెక్కే పాతకాలం మిషను. మంచం కోళ్ళు, ఉయ్యాల గుబ్బలు అన్నీ దాని మీదే.

దానికి కరెంటు లేదు, చక్రం లేదు... కొయ్యకు తాడు చుట్టి, ఎదురుగా కూర్చుని అవ్వ అటూ ఇటూ లాగేది. కొయ్య తనవైపు తిరిగినప్పుడు తాత ఉలి ఆనించేవాడు, వెనక్కి తిరిగేటప్పుడు ఎత్తేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అవ్వకు కోపం వస్తే తాడు విసురుగా లాగేది, అంతే.

ఒక ఎండాకాలం జ్వరమొచ్చి అవ్వ పోయింది. తాత తరిమెన మీద గోనెసంచి కప్పేశాడు. సంగటి పెడితే కెలికి లేచిపోయేవాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. అవ్వ వెనకే ఈయనా పోతాడేమోనని ఇంట్లో అందరికీ భయం... నాకైతే బడిలో ఉన్నా అదే దిగులు.

మా నాయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. చేతికి పని ఉంటే మనిషి నిలబడతాడని, తరిమెనను బాగుచేయడానికి పూనుకున్నాడు. చెదలు తిన్న దిమ్మెలు మార్చాడు, తుప్పు గీకాడు, ఆముదం పోశాడు. మరి తాడు లాగేదెవరు? వానల్లేక మా బావి ఎండిపోయి మోటారు ఊరికే పడి ఉంది. సోమందేపల్లె నుంచి మెకానిక్‌ను పిలిపించి, దాన్ని బెల్టుతో తరిమెనకు తగిలించాడు. నీళ్ళు తోడని మోటారు తాతనైనా బతికిస్తుందని ఆయన ఆశ.

ఆయుధ పూజ రోజు కుంకుమ పెట్టి స్విచ్చి వేశాడు. తాత ఉలి ఆనించాడు... ఎత్తాడు... ఆనించాడు... ఎత్తాడు. కొయ్యేమో ఆగకుండా ఒకవైపే తిరుగుతోంది. ఇన్నేళ్ళ అలవాటు చేతిని వదిలితేగా! కొయ్యంతా మెట్లు మెట్లుగా గాట్లు పడ్డాయి. ఆపమని సైగ చేశాడు.

"ఇది ఒగపక్కకే పోతాండాది రా. ఉలి ఎత్తేదానికి సందియ్యదు. మీ యమ్మ నా ఊపిరి చూసి లాగుతా ఉండె."

నాయన మోటారు విప్పేసి, మళ్ళీ తాడు చుట్టి, తానే కూర్చుని లాగాడు. ఆయన జోరుకు ఉలి ఎగిరిపడింది. తాత లేచి గోనెసంచి కోసం చెయ్యి చాచాడు.

అప్పుడు వచ్చింది అమ్మ. మా ఇళ్ళలో కోడలు మామ ఎదురుగా కూర్చోదు. అమ్మ తాతతో ఏదైనా చెప్పాలన్నా తలుపు చాటు నుంచే చెప్పేది. అలాంటిది కొంగు తలమీదికి లాక్కుని, అవ్వ చోట్లో కూర్చుని తాడు అందుకుంది. నాయన గోనెసంచి తీసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి ఆ చప్పుడు విన్న మనిషి... ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో ఆమెకు తెలుసు. మామా కోడలూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. మంచం కోడు ఒకటి పూర్తయింది.

తాత దాన్ని బొటనవేలితో తడిమాడు. ఎక్కడా గాటు లేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"బాగా లాగినావమ్మా. నీ తప్పేం లేదు. ఇంగ నాతో కాదు."

ఆ సాయంత్రం తానే అడిగి సంగటి పెట్టించుకున్నాడు. తరిమెన జోలికి మాత్రం మళ్ళీ పోలేదు. అంత కష్టపడి బాగుచేసింది ఒక్క మంచం కోడు కోసమేనా అని నాయన చాలా రోజులు ముభావంగా తిరిగాడు. నాకూ తాత మీద కోపమొచ్చింది... చాలా ఏళ్ళు పోలేదు ఆ కోపం.

మీ ఇళ్ళలోనూ ఇద్దరు చెయ్యి వేస్తేనే సాగే పనులు ఉండే ఉంటాయి... ఏవో చెప్పండి, వినాలనుంది. ఇప్పుడు మా ఇంట్లో దుప్పట్లు ఉతికేదీ పిండేదీ మిషనే. మా ఆయన పోయి ఏడాదయింది... ఆరిన దుప్పటి మడత పెట్టబోతూ, రెండో కొస పట్టుకోమని ఇప్పటికీ చెయ్యి చాస్తున్నాను.